కచిడి చేప: గాలితిత్తి విలువ, జాతి మనుగడ

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది వద్ద గాని, కాకినాడ కుంభాభిషేకం రేవులో గాని పెద్ద కచిడి వలకు చిక్కితే వేలం పాట లక్షల రూపాయలకు చేరుతుంది. ఆ ధరలో అధిక భాగం మాంసానిది కాదు, కడుపులోని గాలితిత్తిది. వార్తల్లో దీనిని తరచు పిత్తాశయంగా పేర్కొనడం పొరపాటు. పిత్తాశయం జీర్ణక్రియకు సంబంధించినది. గాలితిత్తి చేప నీటిలో తన లోతును నిలుపుకొనేందుకు తోడ్పడే అవయవం. ఈ భేదం గ్రహిస్తేనే కచిడికి పొంచి ఉన్న ముప్పు అర్థమవుతుంది.

జీవ లక్షణాలు

కచిడి శాస్త్రీయ నామం ప్రోటోనీబియా డయాకాంథస్. ఇది గొరక చేపల కుటుంబమైన సయానిడేకు చెందినది. తీరప్రాంతపు బురద నేలలపై సంచరిస్తూ నదీముఖాల్లోకి కూడా ప్రవేశిస్తుంది. రొయ్యలు, పీతలు, చిన్న చేపలు దీని ఆహారం. సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవు వరకు పెరుగుతుంది.

ఈ కుటుంబపు చేపల్లో గాలితిత్తిని ఆనుకొని ఉన్న కండరాలు వేగంగా సంకోచించినప్పుడు తిత్తి మద్దెలవలె మోగుతుంది. చూపు ఆనని మడ్డినీటిలో, సంతానోత్పత్తి వేళ, ఇవి ఒకచోట చేరేందుకు ఈ ధ్వని ఉపకరిస్తుంది.

వేట, విపణి

గుంపు కట్టే ఈ స్వభావమే వేటకు అనుకూలం. 2021 ఆగస్టులో మహారాష్ట్రలోని పాల్ఘర్ తీరంలో ఒకే పడవకు 157 చేపలు చిక్కగా, రూ.1.33 కోట్లు పలికాయి. అక్కడ ‘ఘోల్’ అని పిలిచే ఈ చేపను గుజరాత్ 2023లో రాష్ట్ర మత్స్యంగా ప్రకటించింది. ఎండబెట్టిన గాలితిత్తి చైనా, హాంకాంగ్ విపణుల్లో ఖరీదైన ఆహారం. దానిలోని కొల్లాజెన్ నుండి మద్యాన్ని తేటపరచే ఇసింగ్లాస్ కూడా తయారవుతుంది.

ఇదే గిరాకీ కారణంగా చైనా తీరపు బహాబా అంతరించే దశకు చేరింది. మెక్సికో 1975లోనే టోటోబా వేటను నిషేధించినా దొంగవేట ఆగలేదు. చేప అరుదయ్యేకొద్దీ ధర పెరగడం, ధర పెరిగేకొద్దీ వేట తీవ్రం కావడం ఈ రెండింటికీ శాపమైంది.

సంరక్షణ మార్గం

చిన్న చేపలను తిరిగి నీటిలో వదలితే చాలదా? పది మీటర్ల లోతులో పీడనం ఉపరితలంలో కంటే రెట్టింపు. అక్కడి నుండి వేగంగా పైకి లాగిన చేప గాలితిత్తిలోని వాయువు రెండింతలుగా వ్యాకోచిస్తుంది. దానిని నోటి ద్వారా వెలువరించే మార్గం ఈ జాతికి లేదు. లోపలి అవయవాలు దెబ్బతిన్న చేప వదిలినా బ్రతకడం కష్టం. కాబట్టి గుంపులు చేరే చోట, చేరే వేళ వేటను తగ్గించడమే ఫలప్రదం. ఉత్తర ఆస్ట్రేలియాలోని కేప్ యార్క్ వద్ద చేపల పరిమాణం తగ్గుతున్నట్లు పరిశీలనలో తేలినప్పుడు, స్థానిక ఆదివాసీ సమాజం రెండేళ్లపాటు ఈ జాతి వేటను స్వచ్ఛందంగా నిలిపివేసింది.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం అమలులో ఉంది. గోదావరి తీరపు కచిడి గుడ్లు పెట్టే కాలం ఈ గడువులోనే ముగుస్తుందా అన్నది రేవుల్లోనే తేల్చవలసిన ప్రశ్న. విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు వేలం చోట ప్రతి చేప పొడవు, బరువు, పట్టిన లోతు, తేదీ నమోదు చేయాలి. కడుపు కోసినప్పుడు లింగాన్ని, బీజకోశాల పక్వతను గమనించాలి. తలలోని చెవిరాళ్లను వయోనిర్ధారణకు సేకరించాలి. కొనుగోలుదారుకు గాలితిత్తి మాత్రమే ముఖ్యం గనుక, అతని సమ్మతితో మిగిలిన భాగాలను పరిశీలించడం సాధ్యమే. ఈ వివరాలు కొన్ని ఋతువులపాటు సమకూరితే, మత్స్యకారుల ఆదాయానికి భంగం లేని నియమాలను వారితోనే కలిసి రూపొందించవచ్చు.