ఆటలు ముగిశాక అసలు లెక్క!

2002 డిసెంబరులో జాతీయ క్రీడలకు హైదరాబాద్‌ వేదికైంది. గచ్చిబౌలిలో పెద్ద స్టేడియం వచ్చింది. నెల తిరక్కుండానే ఆటలు ముగిశాయి. మరి ఊరికి మిగిలిందేంటి?

ఇలాంటప్పుడు ఎక్కువగా వినిపించేవి హోటళ్ల గిరాకీ, జనం ఖర్చుపెట్టిన కోట్లు. వినడానికి ఘనమే. కానీ ఊళ్లోవాళ్లే టికెట్‌ కొంటే అది కొత్త ఆదాయం కాదు... సినిమాకు పెట్టే డబ్బు స్టేడియానికి మళ్లిందంతే! పైఊళ్లవాళ్లు పెట్టిందే రాబడి. అందులోంచి నిర్వహణ ఖర్చూ తీసేయాలి.

తర్వాతి ఏళ్ల సంగతి వేరు. గచ్చిబౌలి స్టేడియం 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలకు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలకు అక్కరకొచ్చింది. 2024 డిసెంబరు 31న సంతోష్‌ ట్రోఫీ ఫైనల్‌ కూడా అక్కడే. ఆ ప్రాంగణంలో క్రీడాకారుల బస కోసం కట్టిన బహుళ అంతస్తుల భవనమైతే 2020లో, కరోనా వేళ, 1500 పడకల టిమ్స్‌ ఆసుపత్రిగా మారింది. కట్టినప్పుడు ఎవరైనా ఊహించి ఉంటారా!

అయినా పెద్ద పోటీల జాబితా ఒక్కటే చాలదు. చుట్టుపక్కల బడిపిల్లలు ఏడాదిలో ఎన్నిరోజులు ఆ ట్రాక్‌ మీద పరుగెత్తారు? వాలంటీర్లుగా చేసిన కుర్రాళ్లలో ఎందరు తర్వాత కోచ్‌లయ్యారు? మొదటిదానికి గేటు దగ్గర ఓ రిజిస్టరు చాలు, కన్సల్టెంట్లు అక్కర్లేదు. కాకపోతే ఊళ్లో ఉన్న మైదానాల దగ్గర ఆ రిజిస్టరును ఆటలకు ఏడాది ముందే తెరవాలి. లేకుంటే పెరిగిందెంతో తేలదు.