నొప్పి ఉన్న చోటే ఎరుపు

పొద్దున ఆరుకల్లా నేను లేస్తాను. నా వేళ్ళు మాత్రం ఏడున్నరకు గానీ లేవవు. గోరువెచ్చని నీళ్ళలో ముంచి, మెల్లగా మడిచి, తెరిచి, బతిమాలితే అప్పుడు కదులుతాయి. ఆ టైమ్‌లో టూత్‌పేస్ట్ మూత తిప్పడం కూడా పెద్ద పనే.

జబ్బు పేరు రుమటాయిడ్ ఆర్థరైటిస్. వాడుకలో కీళ్ళవాతం. వయసు మీద పడితే వచ్చే కీళ్ళ అరుగుదల కాదిది. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరపడి కీళ్ళ లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఆడవాళ్ళలో ఎక్కువ. నాకు ఇరవై ఆరో ఏట వచ్చింది. అప్పటికి శ్రీకాళహస్తిలో కలంకారీ గీతలు గీయడమే నా బతుకుతెరువు.

అన్‌డూ లేని గీత

పెడన కలంకారీలో చెక్క అచ్చులు వాడతారు. మా దగ్గర అంతా చేతిగీతే. 2005లో జీఐ గుర్తింపు వచ్చింది ఈ పనికే. కలం అంటే వెదురుపుల్ల. ఒక చివర చెక్కి, కాస్త పైన ఉన్నిగానీ గుడ్డగానీ ఉండలా చుట్టి దారంతో కడతాం. ఆ ఉండను రంగులో ముంచి, గీసేటప్పుడు వేళ్ళతో నొక్కుతాం. ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది. నా జబ్బు సరిగ్గా ఆ వేళ్ళలోనే కూర్చుంది.

నల్లగీతకు కసిమి వాడతాం. తుప్పుపట్టిన ఇనుపముక్కల్ని బెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చేది అది. గుడ్డకు ముందే కరక్కాయ, గేదెపాలు పట్టించి ఆరబెట్టి ఉంటాం. కరక్కాయ వగరూ కసిమిలోని ఇనుమూ కలిస్తే గీత నల్లబడుతుంది. పాలలోని కొవ్వు రంగును పక్కకి పాకనివ్వదు. ఒకసారి పడిన గీత ఇక పోదు. ఫోన్‌లో ఉన్నట్టు అన్‌డూ బటన్ లేదిక్కడ.

ఒక రామాయణం ఆర్డర్‌లో సీతమ్మ కొంగు దగ్గర నా గీత వణికింది. కొనేవాళ్ళు ‘డ్యామేజ్ పీస్’ అని వెనక్కి పంపారు. తర్వాత నన్ను గీతల నుంచి తప్పించి రంగులు నింపే పనికి మార్చారు. కూలీ తగ్గింది. కోపం రాలేదని అబద్ధం చెప్పను. ‘పోనీలే మే, చెయ్యి బాగైనాక గీస్తువులే’ అనింది అమ్మ. బాగవడమంటే ఏమిటో అప్పటికి మా ఇద్దరికీ తెలీదు. ఈ జబ్బును మందులతో అదుపులో పెట్టగలం, పూర్తిగా పోగొట్టలేం. తొందరగా మొదలుపెడితే కీళ్ళు వంకరపోకుండా కాపాడుకోవచ్చు. నేను ఏడాదిపాటు పసర్లు, బామ్‌లతో నెట్టుకొచ్చాకే డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. మీరలా చేయొద్దు.

నా కథకో గుడ్డ

నిద్రపట్టని ఒక రాత్రి ఫోన్‌లో రెన్వార్ గురించి చదివాను. ఫ్రాన్స్ చిత్రకారుడు. యాభై దాటాక ఆయనకీ ఇదే జబ్బు. వేళ్ళు బిగుసుకుపోతే పక్కనున్నవాళ్ళు కుంచె అందించి వేళ్ళ మధ్య పెట్టేవారట. 1919లో పోయేదాకా బొమ్మలేశాడు. కానీ ఆ బొమ్మల్లో నొప్పి ఎక్కడా కనిపించదు. మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో ఇంకో దారి. 1944లో తన ఒంట్లో వెన్నెముక ఉండాల్సిన చోట విరిగిన స్తంభం, ఒళ్ళంతా మేకులు గీసుకుంది. నాకు ఎవరి దారి కావాలి? నా నొప్పి ఎవరికీ కనిపించడం లేదన్నదే అసలు బాధ. అందుకే ఫ్రీదా దారి పట్టాను.

మా గుడ్డల్లో నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ చిన్న గడుల్లో కథ, కింద తెలుగులో ఒక్కో వాక్యం ఉంటాయి. అదే పద్ధతి తీసుకున్నాను. నడుమ నా కుడిచెయ్యి. చుట్టూ వేడినీళ్ళ గిన్నె, వారానికోసారి వేసుకునే మాత్ర, రక్తపరీక్షకు తిరుపతి బస్సు, నాకు జడ వేస్తున్న అమ్మ. కలం పట్టుకునే చోట గుడ్డ చుట్టి లావు చేసుకున్నాను. పది నిమిషాలు గీయడం, ఆపడం. గీత వణికితే వణకనిచ్చాను.

పటిక పెట్టిన చోటే గుడ్డ ఎరుపును పట్టుకుంటుంది. వాచిన కణుపుల మీద మాత్రమే పటిక పెట్టాను. అండాలో మంజిష్ఠ వేరుతో మరిగించి తీసేసరికి ఆ కణుపులన్నీ ఎర్రగా తేలాయి. తడిగుడ్డ బరువు నేను మోయలేను కాబట్టి తమ్ముడు ఉతికిపెట్టాడు.

ఆరేసిన గుడ్డ ముందు అమ్మ చాలాసేపు నిలబడింది. ఎర్రటి కణుపుల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూసింది. ‘ఇన్ని చోట్లా మే?’ అనింది. మూడేళ్ళుగా రోజూ చెప్తూనే ఉన్నాను. అమ్మ లెక్కపెట్టింది మాత్రం ఆ రోజే.

నొప్పి తగ్గిందా అంటే లేదు. పగలు ఇప్పటికీ రంగులే నింపుతున్నాను. సాయంత్రాలు మాత్రం నా గుడ్డ నాది, రెండోది మొదలుపెట్టాను. మొదటిది అమ్మలేదు, అమ్మను కూడా.

అమ్మ దాన్ని చూసిన మర్నాడు పొద్దున లేచి చూస్తే, టూత్‌పేస్ట్ మూత తీసిపెట్టి ఉంది.