పాత పేటలకు ఉద్యానాలు ఎందుకు తక్కువ?

ఉద్యానాలు, ఆటస్థలాలు ఏర్పరచడం నగరపాలక సంస్థ చేసే దానధర్మం కాదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 విషయాలను పన్నెండవ షెడ్యూలులో పేర్కొన్నది. వాటిలో 12వది ఇదే. కోయంబత్తూరులోను, మధురలోను నేడు నూరేసి వార్డులున్నాయి. అన్ని వార్డులకూ ఈ సౌకర్యం సమంగా అందుతున్నదా అన్నది ప్రశ్న.

మనిషికి 10 నుండి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలని కేంద్ర ప్రభుత్వపు 2015 నాటి పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు సూచించాయి. లెక్కకు ఇది మంచిదే గాని, సగటులో వీధి కనబడదు. కోయంబత్తూరు రేస్‌కోర్సు నడకదారి పక్కవీధివారికి ఇంటి ముంగిలి. సింగానల్లూరు మిల్లు కార్మికునికి బస్సు ప్రయాణం. మధురలో రాజాజీ బాలోద్యానం, దాని చెంతనే రాణి మంగమ్మ వేసవి విడిదిగా పేరొందిన తముక్కం మందిరం వైగై నదికి ఉత్తరాన ఉన్నాయి. మీనాక్షి ఆలయం చుట్టూ మాసి వీధులలో, వెలి వీధులలో పెరిగే పిల్లలు నది దాటి పోవాలి. వృద్ధులు, పసిపిల్లల తల్లులు రద్దీ రోడ్డు దాటకుండా కాలినడకన చేరగలరా అన్నదే సరియైన కొలత. మరుగుదొడ్డి, తాగునీరు, చీకటి పడ్డాక దీపం లేని ఉద్యానాన్ని స్త్రీల మట్టుకు లేనట్టే లెక్కించాలి.

పాత పేటలు వెనుకబడడానికి ముఖ్య కారణం నిబంధనలలోనే ఉన్నది. 2019 నాటి తమిళనాడు ఉమ్మడి అభివృద్ధి, భవన నిర్మాణ నియమాల ప్రకారం 10,000 చదరపు మీటర్లు మించిన లేఅవుట్‌లో రోడ్లు పోగా మిగిలిన స్థలంలో 10 శాతం ప్రజోపయోగానికి విడిచి, ఉచితంగా స్థానిక సంస్థకు రాసి ఇవ్వాలి. 12,000 చదరపు మీటర్ల లేఅవుట్‌లో రోడ్లకు 2,000 పోతే, పార్కుకు 1,000 వస్తుంది. 3,000 నుండి 10,000 వరకు ఉన్నవాటికి స్థలానికి బదులు సొమ్ము చెల్లించే వెసులుబాటు ఉన్నది. 3,000 లోపు ఏమీ లేదు. ఈ నియమం కొత్తగా వేసే లేఅవుట్లకే వర్తిస్తుంది. పీళమేడు, పాపనాయకన్‌పాళయం వంటి పాత తెలుగు పేటలు, మధురలోని నాయకర్ వీధులు అంతకు ఎంతో ముందే ఇంటికి ఇల్లు ఆనుకొని వెలిశాయి. తెలుగు ఇంటిభాషగా గల పారిశుద్ధ్య కార్మికుల కాలనీల స్థితి మరింత ఇరుకు. నగరపు తోటలను ఊడ్చేవారి పిల్లలకు చాలాచోట్ల వీధే ఆటస్థలం.

కొత్త స్థలం దొరకని చోట చెరువుగట్టు అక్కరకు వస్తుంది. కోయంబత్తూరులో ఉక్కడం పెరియకుళం, వాలాంకుళం గట్లపై స్మార్ట్ సిటీ పథకం కింద నడకదారులు వచ్చాయి. సాయంకాలం అక్కడి జనసమ్మర్దమే వాటి అవసరాన్ని చెబుతుంది. అయితే చెరువుల ఒడ్డున కాపురమున్న అనేక కుటుంబాలు కీరనత్తం, మలుమిచ్చంపట్టి వంటి దూరపు గృహసముదాయాలకు తరలిపోయాయి. అక్కడి పిల్లలకు ఆటస్థలం చూపనంతవరకు సమానత లెక్క పూర్తి కాదు.

స్థలం కొనేవారు, అద్దెకుండేవారు కూడా ఆమోదిత లేఅవుట్ పటంలో పార్కుగా చూపిన భాగాన్ని గుర్తించడం అవసరం. నగరపాలక సంస్థ పేర దానపత్రం నమోదు కాకుంటే ఆ స్థలం కాగితం మీద పార్కుగానే ఉండిపోయి, నేల మీద షెడ్డుగానో, మరొకరి ప్లాటుగానో మారవచ్చు. 2022 నవంబరు 1న తమిళనాడు నగరాలలో జరిగిన ఏరియా సభల వంటి వేదికలు ఈ విషయం లేవనెత్తదగిన చోటు. పటం నకలు, దానపత్రం వివరం సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగవచ్చు. జవాబు గడువు 30 రోజులు. దరఖాస్తు తమిళంలోగాని, ఇంగ్లీషులోగాని, హిందీలోగాని ఉండాలి. వ్రాయలేనివారు నోటితో చెప్పినా, దానిని వ్రాతలో పెట్టడానికి పౌర సమాచార అధికారి తోడ్పడాలని చట్టంలోని 6వ సెక్షన్ చెబుతున్నది.