కేడ్ ఫైలు ఎందుకు కదలదు?

ప్లాన్ తెరిచి మౌస్ చక్రం తిప్పితే బొమ్మ కాసేపు ఆలోచించి అప్పుడు కదులుతుంది. కాపీ కొడితే స్క్రీన్ తెల్లబడి ‘నాట్ రెస్పాండింగ్’ అంటుంది. బిల్డింగ్ డిజైన్ ఆఫీసుల్లో ఇలా జరగగానే వినబడే మాట ఒకటే: ర్యామ్ పెంచాలి, లేదా కొత్త సిస్టమ్ కొనాలి. డబ్బు తీసే ముందు చిన్న పరీక్ష చేయండి. ఆటోకేడ్‌లో ఖాళీ డ్రాయింగ్ తెరిచి, నాలుగు గోడలు గీసి, వాటిని వందసార్లు కాపీ చేసి జూమ్ చేయండి. అక్కడ చురుగ్గా ఉండి, ఆ ఒక్క ప్లాన్‌లోనే నత్తనడక నడుస్తుంటే జబ్బు ఫైలుది. ఖాళీ డ్రాయింగ్ కూడా ఈడుస్తుంటే మెషీన్ సంగతి చూడాలి.

ఫైలు ఊరికే బరువెక్కదు. కొత్త ప్లాన్‌ను ఖాళీ డ్రాయింగ్‌లో మొదలుపెట్టేవాళ్లు తక్కువ. పాత ప్లాన్‌ను ‘సేవ్ యాజ్’ చేసి, గదులు జరిపి, పార్టీ పేరు మార్చేస్తారు. పనిలో పనిగా ఇంకో ఫైల్లోంచి మెట్లు, నెట్‌లోంచి దించుకున్న సోఫా సెట్టు, కారు వచ్చి చేరతాయి. తెర మీద చెరిపేసినా ఆ బ్లాకులు, లేయర్లు, టెక్స్ట్ స్టైళ్లు ఫైలు లోపల ఉండిపోతాయి. పదేళ్ల కిందటి పార్టీ ఇంటి కిటికీలు కూడా ఇవాళ్టి అపార్ట్‌మెంటుతో పాటే తెరుచుకుంటాయన్నమాట.

వీటిని ఊడ్చే పర్జ్ కమాండ్ చాలామందికి తెలుసు. కానీ దానికి మామూలుగా చిక్కని చెత్త కొంత ఉంది. ఆటోకేడ్ మీద నడిచే అదనపు ప్రోగ్రాములు డ్రాయింగ్‌లో తమ పేరు నమోదు చేసి పోతాయి. రీజాప్‌లంటే ఇవే. కొన్ని ఫైళ్లలో వేలల్లో పేరుకుని, ఎక్స్‌రెఫ్‌ల (డ్రాయింగ్‌కు బయటి నుంచి జోడించే ఫైళ్ల) ద్వారా పక్క ఫైళ్లకూ అంటుకుంటాయి. పర్జ్‌కు ముందు హైఫన్ పెట్టి కొట్టి, ‘ఆర్’ ఎంచుకుంటే వదులుతాయి.

ఇంకా మొండిది డీజీఎన్ గొడవ. రోడ్లు, రైల్వేల వంటి పెద్ద పనుల్లో వాడే మైక్రోస్టేషన్ ఫైళ్లు డీజీఎన్ రకం. వాటిని ఆటోకేడ్‌లోకి తెచ్చినప్పుడు లైన్‌టైపుల వెనక కంటికి కనబడని డేటా వస్తుంది. ఆ గీతల్ని ఇంకో డ్రాయింగ్‌లోకి కాపీ-పేస్ట్ చేస్తున్నకొద్దీ అది పిల్లలు పెడుతుంది. తెర మీద గీతలు కొన్నే, ఫైలు మాత్రం పదుల ఎంబీలు! ఒకప్పుడు పర్జ్ దీన్ని ముట్టుకునేదే కాదు. ఆటోకేడ్ తయారుచేసే ఆటోడెస్క్ విడిగా డీజీఎన్‌పర్జ్ అనే పనిముట్టు ఇవ్వాల్సి వచ్చింది. ఇప్పటి వెర్షన్లలో పర్జ్ పెట్టెలోనే దానికి టిక్ ఉంది. దీనితోపాటు ఆడిట్‌తో తప్పులు సరిచేసి, ఓవర్‌కిల్‌తో ఒకదాని మీద ఒకటి పడిన గీతలు తీసేయండి. ముందు ఫైలుకు నకలు పెట్టుకోవడం మాత్రం మరవద్దు.

సర్వే డ్రాయింగ్‌ది వేరే కథ. అది తరచుగా యూటీఎం అనే మ్యాపు కొలతల పద్ధతిలో వస్తుంది. ఉత్తర దిశ దూరాన్ని భూమధ్యరేఖ నుంచి మీటర్లలో లెక్కిస్తారు కాబట్టి, హైదరాబాద్‌లోని స్థలం సున్నా బిందువుకు సుమారు 19 లక్షల మీటర్ల అవతల పడుతుంది. మిల్లీమీటర్లలో గీస్తే ఆ అంకె 190 కోట్లు. ఆటోకేడ్ లోపలి లెక్కలు 15 అంకెల దాకా కచ్చితంగా ఉంటాయి గానీ, గ్రాఫిక్స్ కార్డు సాధారణంగా 7 అంకెల దగ్గరే చేతులెత్తేస్తుంది. అందుకే గీతలు వణుకుతాయి, హ్యాచ్ చిందరవందరవుతుంది. ఇల్లు సున్నా దగ్గరే గీసుకుని, సర్వేను ఎక్స్‌రెఫ్‌గా అక్కడికి జరిపి తెచ్చుకోండి. ఎంత జరిపారో ఆ డ్రాయింగ్‌లోనే రాసి ఉంచండి.

ఇక మెషీన్. ఫైలు హ్యాంగైనప్పుడు టాస్క్ మేనేజర్ తెరిస్తే ఎనిమిది కోర్ల ప్రాసెసర్ 12 శాతమే వాడినట్టు కనిపిస్తుంది. ఖాళీగా ఉండి కూడా పనిచేయదేం అని విసుక్కుంటాం. నిజానికి ఎనిమిది కోర్లలో ఒక్కటి ఊపిరాడకుండా పనిచేస్తోంది, మిగతా ఏడూ చూస్తున్నాయి. ఒక్కో కోర్‌ను రెండుగా లెక్కపెట్టే రకమైతే 6 శాతమే కనిపిస్తుంది. డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ పని చాలావరకు ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిందే. కూలీలు ఎందరున్నా కాలమ్స్ లేవకుండా స్లాబు వేయలేం కదా. కాబట్టి కొనేటప్పుడు కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోర్ వేగం ముఖ్యం. అంతకన్నా ముందు, ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్పులుంటే ఆటోకేడ్ దేని మీద నడుస్తోందో విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో చూడండి. కార్డు కొని, దాన్ని వాడకుండా పనిచేసుకుంటున్నవాళ్లు ఉంటారు.

2002లో ఆటోడెస్క్ చేతికొచ్చిన బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ రెవిట్‌లో బరువు ఇంకోచోట ఉంటుంది. అక్కడ గోడ జరిపితే ప్లాన్, సెక్షన్, ఎలివేషన్, తలుపుల పట్టిక అన్నీ మారాలి. తెరిచి వదిలేసిన వ్యూలు ఎన్ని ఉంటే అంత పని. పట్టించుకోకుండా వదిలిన వార్నింగులు వందల్లోకి పోతే పని ఇంకా నెమ్మదిస్తుంది. కేడ్ ఫైలును లోపలికి ఇంపోర్ట్ చేసి ఎక్స్‌ప్లోడ్ కొట్టడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. లింక్ చేస్తే అవసరం తీరాక ఒక్క క్లిక్కుతో తీసేయొచ్చు.