ఇంజినీరింగ్‌తో పాటు కళలూ చదవాలంటే

మృదంగం కుడివైపు మూత మధ్యలో గుండ్రంగా, నల్లగా ఒక పూత కనిపిస్తుంది. లోహపు రజను, అన్నం కలిపి మెత్తగా చేసిన ముద్దను పొర మీద పొరగా రుద్ది, ఆరబెట్టి దాన్ని తయారు చేస్తారు. అలంకారం కోసం వేసినది కాదది. బిగించి కట్టిన మామూలు చర్మం మీద కొట్టినప్పుడు మూలస్వరంతో పాటు పుట్టే ఉపస్వరాల పౌనఃపున్యాలు దానికి సుమారు 1.59 రెట్లు, 2.14 రెట్లు, 2.30 రెట్లు ఉంటాయి. అవి పూర్ణాంక గుణిజాలు కావు కాబట్టి ఆ మోతలో శ్రుతి స్పష్టంగా వినిపించదు. నల్లపూత బరువు చర్మం కంపించే తీరును మార్చి, ఉపస్వరాలను రెండు రెట్లు, మూడు రెట్లు అన్నట్టు వరుసలోకి తెస్తుంది. ఈ సంగతిని సి.వి. రామన్ తన సహపరిశోధకుడితో కలిసి 1920లో ‘నేచర్’ పత్రికలో వివరించారు. వాద్యకారుల చెవి తరతరాలుగా సాధించిన పనిని భౌతికశాస్త్రం అప్పటికి అర్థం చేసుకోగలిగింది.

మృదంగమో, వీణో, బొమ్మలు గీయడమో చిన్నప్పటి నుంచి నేర్చుకుంటూ ఇంటర్‌లో ఎంపీసీ చదివే పిల్లలు మన దగ్గర తక్కువేమీ కాదు. ఇంటర్ మొదలవగానే ఆ వాద్యం అటకెక్కుతుంది. ‘బీటెక్‌లో చేరాక చూద్దాంలే’ అని ఇంట్లో అంటారు. అలా చూసే వీలు ఉంటుందా లేదా అన్నది చేరే కాలేజీని బట్టి ఉంటుంది. కాలేజీని ఎంచుకునేది మాత్రం చాలా ఇళ్లలో వెబ్ ఆప్షన్లు పెట్టే చివరి రాత్రి, బ్రాంచి పేరూ ప్లేస్‌మెంట్ల అంకే చూసి.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. మనం ‘ఆర్ట్స్’ అనే మాటను రెండు అర్థాల్లో వాడతాం. సంగీతం, నాటకం, చిత్రలేఖనం ఒకటి. చరిత్ర, భాష, తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రం రెండోది. మీకు కావలసింది మొదటిదా, రెండోదా? సాధన ఆగిపోకుండా ఉంటే చాలా, లేక దాన్ని పాఠ్యాంశంగా చదవాలని ఉందా? దీనికి జవాబు దొరికితే పరిశీలించాల్సిన కాలేజీల జాబితా సగానికి తగ్గుతుంది.

బ్రోషర్లలో ‘సమగ్ర వికాసం’, ‘బహుశాస్త్రీయ విద్య’ వంటి మాటలు అందరూ రాస్తారు. 2020 జాతీయ విద్యా విధానం ఐఐటీల వంటి సాంకేతిక సంస్థలు కూడా కళలు, మానవీయ శాస్త్రాలకు మరింత చోటివ్వాలని చెప్పాక ఆ మాటలు ఇంకా పెరిగాయి. వాటిని పక్కన పెట్టి క్రెడిట్లు లెక్కపెట్టండి. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళికలో బీటెక్‌కు మొత్తం 160 క్రెడిట్లు. వాటిలో మానవీయ, సామాజిక శాస్త్రాలకు దక్కినవి 12. ఇంగ్లిష్, మేనేజ్‌మెంట్ కూడా ఆ పన్నెండులోనే. అవి పోగా నాలుగేళ్లలో మిగిలేది రెండు మూడు కోర్సులే. ఐఐటీ గాంధీనగర్‌లో బీటెక్ చదువులో దాదాపు ఐదో వంతు మానవీయ, సామాజిక శాస్త్రాలదే. అమెరికాలోని ఎంఐటీలో ఏ ఇంజినీరింగ్ విద్యార్థి అయినా ఈ రంగాల్లో ఎనిమిది కోర్సులు పూర్తి చేస్తేనే పట్టా వస్తుంది.

ఈ లెక్కలో ఇంకో మెలిక ఉంది. వారానికి గంట పాఠానికి ఒక క్రెడిట్ వస్తే, గంట ప్రయోగశాల పనికి అర క్రెడిటే వస్తుంది. చిత్రలేఖనం, సంగీతం వంటివి చేసి నేర్చుకునే విద్యలు. వాటిని కోర్సుగా పెట్టినా టైమ్‌టేబుల్‌లో ఎక్కువ గంటలు తీసుకుని తక్కువ క్రెడిట్లు ఇస్తాయి. అందుకే చాలా కాలేజీలు వాటిని క్లబ్బులకు వదిలేస్తాయి. క్లబ్బులు మంచివే. కానీ పరీక్షల నెల రాగానే మొదట మూతపడేది క్లబ్బు గదే. గురువు, నిర్ణీత సమయం, మార్కుల జాబితాలో చోటు ఉన్నది మాత్రం నిలుస్తుంది.

మైనర్ డిగ్రీ అన్న దారి కూడా ఉంది. బీటెక్‌తో పాటు మరో రంగంలో అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చదివితే ఆ రంగం పేరు పట్టాలో చేరుతుంది. అయితే ఆ మైనర్ కోర్సులను బోధించేవారు ఎవరన్నది చూడాలి. మానవీయ శాస్త్రాలకు సొంత విభాగం, అందులో పరిశోధన చేసే అధ్యాపకులు, పీహెచ్‌డీ విద్యార్థులు ఉన్న చోట చదువు ఒక రకంగా ఉంటుంది. ఏటా మారే పార్ట్‌టైమ్ అధ్యాపకులతో నడిపే చోట మరో రకంగా ఉంటుంది.

రెండు రంగాలూ పక్కపక్కన కాకుండా నిజంగా కలిసిపోయిన చదువు కావాలంటే హైదరాబాద్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. 1998లో మొదలైన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తో పాటు కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో గానీ, కంప్యూటింగ్ - మానవ శాస్త్రాల్లో గానీ పరిశోధనతో ఎంఎస్ చేసే ఐదేళ్ల కోర్సులున్నాయి. భాషాశాస్త్రం అక్కడ అలంకారం కాదు, అవసరం. ‘రాలేకపోయాడేమో’ అన్న మాటనే తీసుకోండి. రావడం అనే క్రియ, చేతకాకపోవడం, గడిచిన కాలం, పురుషుడొకడు, పైగా చెప్పేవారి సందేహం, ఇవన్నీ ఒక్క పదంలో ఇమిడిపోయాయి. ఇలాంటి పదాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యేలా విడదీయాలంటే ప్రోగ్రామింగ్ ఎంత తెలియాలో వ్యాకరణమూ అంత తెలియాలి. ఈ కోర్సులకు ‘యూజీఈఈ’ అనే ప్రవేశ పరీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ ఉంటాయి. పరీక్షలో ఒక భాగం పరిశోధనాభిరుచిని చూస్తుంది. ఐదేళ్లూ పని బరువుగానే ఉంటుందని, చివరికి థీసిస్ రాయాలని తెలిసే చేరాలి.

గీయడం, వస్తువులు తయారు చేయడం ఇష్టమైనవారికి బి.డిజైన్ ఉంది. ఐఐటీ బొంబాయిలో పారిశ్రామిక డిజైన్ కేంద్రం 1969 నాటిది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో బి.డిజైన్ 2019లో మొదలైంది. వీటికి జేఈఈ ర్యాంకు అక్కర్లేదు. ‘యూసీడ్’ రాయాలి. అందులో కంప్యూటర్ మీద రాసే భాగంతో పాటు కాగితంపై బొమ్మ గీసే భాగమూ ఉంటుంది. ఎంపీసీ వారే కాదు, ఏ గ్రూపు వారైనా రాయవచ్చు. అయితే బి.డిజైన్ ఇంజినీరింగ్ పట్టా కాదు. బీటెక్ అర్హతగా అడిగే ఉద్యోగాలకు అది పనికిరాదు. ఈ విషయం తల్లిదండ్రులతో ముందే మాట్లాడుకోవడం మేలు.

సంగీత నృత్యాల్లో ఇప్పటికే జాతీయ స్థాయి గుర్తింపు పొంది, బీటెక్ కూడా చదవాలనుకునేవారి కోసం ఐఐటీ మద్రాస్ 2025–26 నుంచి లలితకళల కోటా పెట్టింది. ఒక్కో కోర్సుకు రెండు అదనపు సీట్లు, వాటిలో ఒకటి అమ్మాయిలకు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత మాత్రం తప్పనిసరి. సీట్లు కొద్దే. కానీ కళను తీసేయాల్సిన అడ్డంకిగా కాక ప్రవేశానికి అర్హతగా చూసిన పద్ధతి ఇది.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ అధికారి కంటే మూడో సంవత్సరం విద్యార్థులే ఎక్కువ చెబుతారు. పోయిన సెమిస్టర్‌లో మీరు చదివిన ఇంజినీరింగేతర కోర్సు ఏది, ఎవరు చెప్పారు, ఏం రాయించారు అని అడగండి. వెంటనే పేరు చెప్పి, దాని గురించి కాసేపు మాట్లాడితే ఒక లెక్క. గుర్తు తెచ్చుకోవడానికే కష్టపడితే ఇంకో లెక్క. సంగీతం గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా కనుక్కోండి.

ఇవన్నీ ఎప్పుడు చూసుకోవాలన్నదీ ముఖ్యమే. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వేసవిలో మొదలవుతుంది. యూసీడ్ మాత్రం ఏటా జనవరిలో జరుగుతుంది, దరఖాస్తుల గడువు అంతకు ముందే ముగుస్తుంది. ఇంటర్ రెండో ఏడాది దసరా సెలవుల్లో ఇంట్లో కూర్చుని ఈ సంగతి మాట్లాడుకుంటే అన్ని దారులూ తెరిచే ఉంటాయి.