నడుమునొప్పికి నడకయే మందు

నిరుడు నీళ్లబిందె నెత్తుచుండఁగా నా నడుము పట్టుకొనెను. కదలినచో మఱింత చెడునని 15 దినములు మంచము విడువనైతిని. మావారే వంట చేసి బడికిఁ బోవలసివచ్చెను. నొప్పి తగ్గకపోఁగా కాళ్ల సత్తువయు సన్నగిల్లెను.

తుదకు ఫిజియోథెరపీ నేర్చిన యొక యువతి నన్ను పరీక్షించి, "అమ్మా, పనిలేని కండరములు క్షీణించును; వెన్నునకు ఊఁత తగ్గును. ఓర్వగలిగినంత నడువుఁడు" అనెను. వెల్లకిలఁ బరుండి, మోకాళ్లు మడిచి, నడుమును మెల్లగాఁ బైకెత్తి, 5 అంకెలు లెక్కించి దింపుట నేర్పెను. దినమునకు 10 మారులు చేసితిని. నడకను క్రమముగాఁ బెంచితిని. 6 వారములకు, మోకాళ్లు వంచి, బిందెను ఒడికిఁ జేర్చి యెత్తగలిగితిని.

2020లో లోకమున 61.9 కోట్లమంది కీ బాధ యుండెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. కాళ్లు మొద్దుబాఱినను, మలమూత్రముల యదుపు తప్పినను జాగు చేయక వైద్యునిఁ జూడవలెను. సామాన్యమైన పట్టునకు మాత్రము మంచము శత్రువు, నడక చుట్టము.