సోలార్ పలకలకు ముందు ఇంటి కాగితాలు

ఈ మధ్య మేము కుటుంబాలను దర్శించడానికి ఏ ఊరు వెళ్ళినా ప్రార్థన ముగిశాక ఒక ప్రశ్న వస్తున్నది. “అయ్యగారూ, ఇంటి మీద సోలార్ పెట్టించుకుంటే ప్రభుత్వం డబ్బిస్తుందట కదా, దానికి లక్డీకాపూల్ ఆఫీసుకు వెళ్ళాలా?”

వెళ్ళనవసరం లేదు. లక్డీకాపూల్ దగ్గర మింట్ కాంపౌండ్‌లో ఉన్నది దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం. మన పని మన ఊరి కరెంటు ఆఫీసులోనే జరుగుతుంది. రాష్ట్రం ఉమ్మడిగా ఉన్న రోజుల్లో సోలార్ సంగతి తెలుసుకోవాలంటే నాంపల్లిలోని పిస్గా కాంప్లెక్స్‌లో ఉండే నెడ్‌క్యాప్ ఆఫీసుకు వెళ్ళవలసి వచ్చేది. పిస్గా అనగానే మన పాఠకులకు మోషే గుర్తుకు వస్తాడు. ఆయన ఆ కొండెక్కి వాగ్దాన దేశాన్ని చూశాడే గాని అందులో అడుగు పెట్టలేదు. అప్పట్లో పల్లె కుటుంబాలకు సోలార్ కూడా అంతే, చూడడానికే తప్ప కొనడానికి అందేది కాదు.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించింది. కోటి ఇళ్ళు లక్ష్యం, గడువు 2026-27 వరకు. 1 కిలోవాట్‌కు 30,000 రూపాయలు, 2 కిలోవాట్లకు 60,000, 3 గాని అంతకు మించి గాని అయితే 78,000 సబ్సిడీ. ఒక్కో కిలోవాట్‌కు నీడ పడని చోటు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. ఎండ బాగుంటే రోజుకు 4 యూనిట్ల వరకు వస్తుంది.

దరఖాస్తు పథకం పోర్టల్‌లో, ఫోన్‌లోనే చేసుకోవచ్చు. కరెంటు బిల్లు మీది సర్వీసు నంబరు కావాలి. 10 కిలోవాట్ల లోపు అయితే సాంకేతిక పరిశీలన కోసం ఆగనక్కరలేదు. పోర్టల్‌లో నమోదైన కంపెనీ చేత, మన దేశంలో తయారైన పలకలే బిగించుకోవాలి. తరువాత తనిఖీ, నెట్ మీటరు, ఆపైన బ్యాంకు ఖాతా వివరాలు. ఇంతవరకు చదువుకున్న పిల్లలెవరైనా చేసిపెడతారు.

చిక్కంతా పేరు దగ్గరే వస్తున్నది. బిల్లు మీద ఎవరి పేరుంటే వారే దరఖాస్తు చేయాలి, వారి ఖాతాకే డబ్బు వస్తుంది. మాకు తెలిసిన ఒక సహోదరి ఇంటి బిల్లు, తొమ్మిదేళ్ళ క్రితం ప్రభువు నందు నిద్రించిన భర్త పేరుమీదే వస్తున్నది. నెలనెలా డబ్బు కట్టింది ఆమెయే అయినా కాగితం మీద ఆమె లేదు. పేరు మార్చాలంటే మరణ ధ్రువపత్రం, వారసత్వానికి రుజువు, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న పత్రం వంటివి అడుగుతారు. మరుదులు సంతకం పెట్టడానికి వెనుకాడారు. సంతకం పెడితే ఇల్లు కూడా పోతుందేమోనని వారి భయం. మీటరు పేరు వేరు, ఇంటి హక్కు వేరు అని నచ్చజెప్పడానికి మూడు సాయంత్రాలు పట్టింది. సంతకాలైతే అయ్యాయి. ఆ ఇంటి భాగాల మాట మాత్రం ఇంకా తేలలేదు.

మన వారిలో కొందరు “విశ్వాసులకు ఈ కాగితాల గొడవ ఎందుకు” అంటారు. వారు యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయం తెరవాలని మా మనవి. బబులోను సైన్యం పట్టణాన్ని చుట్టుముట్టి ఉండగా, చెరసాల ప్రాకారంలో ఉన్న ప్రవక్త అనాతోతులో పొలం కొన్నాడు. వెండి తూచి ఇచ్చి, సాక్షుల చేత సంతకాలు చేయించి, ముద్ర వేసిన పత్రాన్నీ ముద్ర లేని పత్రాన్నీ మట్టికుండలో భద్రపరచమని బారూకుకు అప్పగించాడు. అంతటి ఆపదలో కూడా నకలు సంగతి మరువలేదు!

ఇంకొక మాట. కంపెనీకి డబ్బు ముందు మనమే కట్టాలి, సబ్సిడీ తరువాత నేరుగా మన ఖాతాలో పడుతుంది. ఇప్పిస్తామని కమీషన్ అడిగేవారికి రూపాయి ఇవ్వవద్దు, ఓటీపీ చెప్పవద్దు. బ్యాటరీ లేని సోలార్ అయితే, వీధిలో కరెంటు పోయినప్పుడు అదీ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికి ముప్పు రాకుండా అలా అమర్చారు. ఈ సంగతి అమ్మేవారు చాలామంది ముందుగా చెప్పడం లేదు.

తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తున్న కుటుంబం అప్పు చేసి సోలార్ పెట్టించుకోవడం మాకు తెలివైన పనిగా తోచడం లేదు. బిల్లు రెండు మూడు వేలు దాటుతున్న ఇంటికైతే ఆలోచించదగినదే. మందిరాలకు మాత్రం ఈ సబ్సిడీ లేదు, ఇది ఇళ్ళకే. సంఘ కమిటీలు పూర్తి ఖర్చు లెక్క వేసుకున్నాకనే చందా మొదలుపెట్టాలి.